గొంతుగారి వేసవి పుస్తకం

“కామా దగ్గర ఊపిరి అంత గట్టిగా తీయకండి గొంతుగారూ, ఇక్కడ గాలివాన వచ్చినట్టుంది,” అన్నాడు రికార్డిస్టు అద్దం అవతలి నుంచి.

గొంతుగారు తలూపి, చదవడం అయిపోయిన కాగితాన్ని రెండు వేళ్ళతో లేపి, పక్కనున్న తువ్వాలు మీద చప్పుడు కాకుండా పడుకోబెట్టారు. పుస్తకాన్ని పుస్తకంలా పట్టుకుని చదివితే పేజీ తిప్పినప్పుడల్లా మైకులో బరబరమంటుంది. అందుకని ప్రతి వేసవిలోనూ ఆయన కాపీకి అట్ట పీకేసి, కుట్లు కోసేసి, కాగితాలు విడివిడిగా చేతికిస్తారు. ఫ్యాను వేయడానికి వీల్లేదు, అదీ వినబడుతుంది. మెట్ల కిందున్న సామాన్ల కొట్టునే రికార్డింగు గది చేశారు కాబట్టి కిటికీ ఊసే లేదు. చప్పుడు మింగడానికి గోడలకు పాత దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీశారు. పొద్దున్నే వచ్చి కూర్చున్నారో లేదో, చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

గొంతుగారనే ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. హాజరు పట్టీలో ఆయనకు నిక్షేపంలాంటి పేరుంది గానీ పిలిచేవాళ్ళే లేరు. విశ్వవిద్యాలయం లైబ్రరీలో సహాయకుడు. మామూలు రోజుల్లో పుస్తకాలకు లేబుళ్ళు అంటించడం, తిరిగొచ్చినవాటిని అరల్లో సర్దడం, చిరిగినవాటిని బైండింగుకు పంపడం ఆయన పని. ఎండలు ముదిరాక మాత్రం ఈ కొట్టులోకి దూరి పుస్తకం చదవాలి.

అక్కడొక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరబోయే పిల్లలందరికీ వేసవిలో ఒకటే పుస్తకం ఇంటికి పంపుతారు. లెక్కలు చదవబోయేవాళ్ళకూ అదే, బొమ్మలు గీయబోయేవాళ్ళకూ అదే. చదువుకుని రావాలి. వచ్చిన మొదటి వారంలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళతో దాని గురించి మాట్లాడుకోవాలి. పరీక్ష లేదు, మార్కులు లేవు. కొత్తచోట నలుగురిలో నోరు విప్పడానికి ఒక వంక కావాలి కదా, ఆ వంక ఈ పుస్తకం. చూపులేని పిల్లలకు అదే పుస్తకం గొంతుగారి గొంతులో, వేసవంతా ఒక్కో అధ్యాయంగా వెళుతుంది.

మొదట్లో ఈ పని నాటకాలు వేసిన లెక్చరరు ఒకాయన చేసేవారు. ఆయన చదివితే గోడలకు కూడా కన్నీళ్ళు రావాల్సిందే. కొన్నాళ్ళు ఓర్చుకుని పిల్లలు మొర పెట్టుకున్నారు. “ఏడవాల్సిన చోట ఆయనే ఏడ్చేస్తున్నారు, నవ్వాల్సిన చోట ఆయనే నవ్వేస్తున్నారు. ఇంక మాకేం మిగిలింది?” అన్నారు. అప్పుడు లైబ్రరీలో పనిచేసేవాళ్ళందరి చేతా తలా ఒక పేజీ చదివించి చూశారు. ఈయన వంతు వచ్చేసరికి వింటున్న అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, “ఈయన చాలు. ఈయన అడ్డు రారు,” అంది. పొగిడిందో తిట్టిందో గొంతుగారికి ఇవాళ్టికీ తెలియదు.

ఎందుకు అడ్డు రారో మాత్రం ఆయనకు తెలుసు, ఆయన అక్కకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. చదివేటప్పుడు ఆయన బుర్రకు ఏమీ ఎక్కదు. అక్షరాలు కంట్లోంచి వచ్చి నోట్లోంచి వెళ్ళిపోతాయి. మధ్యలో ఎక్కడా ఒక్క క్షణం కూర్చోవు. ఇదేదో తమాషాకు చెప్పే మాట కాదు, నిజంగానే అంతే.

చిన్నప్పుడూ అంతే. అప్పుడాయన ఇంకా గొంతుగారు కాదు, అక్క కొంగు వదలని తమ్ముడు. తల్లి పోయాక ఇల్లంతా అక్క నెత్తిన పడింది. బడి ముఖం చూడకుండానే ఆమె అంట్లగిన్నెల ముందు కూర్చుంది. వాడు పక్కన కూర్చుని పాఠం పైకి చదివేవాడు. “ఇప్పుడు చదివావు కదా, ఏముందిరా అందులో?” అని ఆమె అడిగితే నోరెళ్ళబెట్టేవాడు. అప్పుడు అక్క బూడిద చేతులతోనే ఆ పాఠమంతా వాడికి తిరిగి చెప్పేది, ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు, చివరికి ఏమైంది అని. వాడది మోసుకెళ్ళి పరీక్షలో దించేసేవాడు. అక్షరం ముక్క రాని అక్క చెబితే విని, అక్షరాలన్నీ వచ్చిన తమ్ముడు గట్టెక్కాడు. ఉద్యోగం కూడా అలాగే తెచ్చుకున్నాడు.

తరవాత అక్కకు పెళ్ళయింది. కొడుకు చంకలో ఉండగానే భర్త పోయి మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. ఆయనకు ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. మేనల్లుడు ఈ ఇంట్లోనే పెరిగి, ఉద్యోగం వచ్చి కొండల అవతలి పట్నంలో స్థిరపడ్డాడు. అక్కా తమ్ముడూ మిగిలారు. వేసవిలో రోజూ సాయంత్రం, మర్నాడు రికార్డు చేయబోయే అధ్యాయాన్ని ఆయన అక్కకు చదివి వినిపించేవారు. ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని వినేది. అయ్యాక, “అంటే ఏమైందంటే,” అని మొదలుపెట్టి మొత్తం ఆయనకు చెప్పేది. అది విన్నాకే ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో ఆయనకు అందేది. మర్నాడు మైకు ముందు చదివేది ఆయనే, కానీ చదివించేది ఆమె.

ఈ ఏడాది పుస్తకం ఒక పడవవాడి కథ. నది దారి మార్చుకుని ఎటో వెళ్ళిపోతుంది. పడవ మట్టిలో ఉండిపోతుంది. ఇంట్లో గింజ ఉండదు. అమ్మేయమని అందరూ పోరు పెడతారు. చివరి అధ్యాయం ముందు ఒకడు ఆ పడవను బేరమాడటానికి వస్తాడు, అక్కడ ఆగింది. “అమ్మేస్తాడురా. కడుపని ఒకటుంది కదా,” అంది అక్క మొన్న సాయంత్రం. “కాదంటావా?” అని కూడా అడిగింది. ఆయన ఏమంటారు? ఆమె ఎలా చెబితే అలాగే.

నిన్న సాయంత్రం చివరి అధ్యాయం చదవాలి, కుదరలేదు. అక్క కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోందని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. వాళ్ళు లేచేసరికి ఆమెకు కూర్చునే ఓపిక కూడా లేకపోయింది. “రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. వాడు వచ్చేది నాలుగింటికి. ఈలోగా చదివేద్దాం,” అన్నారు ఆయన. “రాకపోతే ఊరుకోను. పడవ ఏమైందో తెలియకుండా నేను కారెక్కను,” అంది అక్క.

వెళ్ళక తప్పదు. చలికాలం నుంచి ఇప్పటికి రెండుసార్లు పడింది. రెండోసారి మధ్యాహ్నం పడితే, ఆయన పని నుంచి వచ్చేదాకా నేల మీదే ఉండిపోయింది. తలుపు తీసేసరికి ఆమె ఆయన మొహం చూసి, “కంగారుపడకు, పడుకున్నానంతే,” అంది. కొడుకు దగ్గర ఐతే కోడలు రోజంతా ఇంట్లోనే ఉంటుంది. ఎవరినీ ఒక్క మాట అనడానికి లేదు.

“ఇవాళ ఏంటండీ, ఎక్కడెక్కడో ఆగుతున్నారు?” రికార్డిస్టు హెడ్‌ఫోన్ సగం తీసి అడిగాడు. “వాక్యం మధ్యలో ఆగారు. ముందు పేరాలో ఆగాల్సిన చోట దాటేశారు. ఎప్పుడూ ఇలా లేదే.”

“గొంతు బాలేదు,” అన్నారు.

గొంతు శుభ్రంగానే ఉంది. అక్క చెప్పకుండా మైకు ముందు పెట్టిన మొదటి అధ్యాయం ఇది. చీకటి గదిలో గోడ తడుముకుంటూ నడిచినట్టుంది ఆయనకు. పడవ అనే మాట వచ్చినప్పుడల్లా ఇదుగో ఇక్కడ తెలుస్తుంది అనుకునేవారు. ఆ వాక్యం నోట్లోంచి జారి బయటపడేది, ఆయనకేమీ మిగిలేది కాదు. అయినా ఎలాగో చివరి కాగితం తువ్వాలు మీదికి చేరింది. ఆయన లేవబోయారు.

“ఒక్క నిమిషం కూర్చోండి,” అన్నాడు రికార్డిస్టు. రికార్డింగును వెనక్కి తిప్పి విని మొహం మాడ్చుకున్నాడు. “చచ్చాం. హాల్లో రేపటి మీటింగుకు మైకులు సరిచూస్తున్నారు. మీ పడవవాడి మాటల మధ్యలో ‘హలో, హలో, వినబడుతోందా’ అని వస్తోంది.”

“అది పిల్లలకు తెలుస్తుందిలే, మైకు టెస్టింగని.”

“బాగుంది. పుస్తకంలో ఉందనుకుని చర్చ పెడతారు. మళ్ళీ చదవాల్సిందే. ఇవాళ పంపకపోతే రేపు అందరూ ఆఖరు తెలిసి కూర్చుంటారు, మన పిల్లలు మాత్రం తెలియకుండా కూర్చుంటారు.”

ఆఖరు తెలియకుండా కూర్చోవడం ఏమిటో గొంతుగారికి ఇవాళ ఎవరూ చెప్పనక్కర్లేదు. హాల్లో వాళ్ళు మైకులు కట్టేసేదాకా ఆగి, కాగితాలన్నీ మళ్ళీ సర్దుకుని, మొదటి నుంచి చదివారు. రెండోసారి అయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, నడుము పట్టేసింది. కాగితాలు సంచిలో కుక్కుకుని దాదాపు పరుగెత్తారు.

మెట్ల దగ్గర ప్రోగ్రాం మేడం ఎదురైంది. ఏటా పుస్తకం ఎంపిక దగ్గర్నుంచి కుర్చీలు వేయించేదాకా అన్నీ ఆవిడే. తలుపుకు కట్టబోతున్న బట్ట చేతిలో పట్టుకుని ఉంది, ‘ఒకే పుస్తకం, ఎన్ని మాటలో’ అని రాసి. “అయిపోయిందా గొంతుగారూ? హమ్మయ్య! మీకెలా అనిపించింది ముగింపు? ఏటా మీరే కదా నాకు మొదటి మాట చెప్పేది.”

ఏటా చెప్పేవారు, అక్క మాటే తన మాటగా. ఇవాళ ఏం చెబుతారు? “బాగానే ఉందండీ,” అని, ఆవిడ మొహం చూడకుండా పక్కనుంచి తప్పుకున్నారు. సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా అరువు మొహంతో తిరుగుతున్నట్టు అనిపించింది.

గేటు బయట బస్సుల దగ్గర ఒకటే గోల. కొత్త పిల్లలు, అమ్మానాన్నలు, పెట్టెలు, పరుపు చుట్టలు. అందరి చేతుల్లోనూ అదే పుస్తకం, అదే నీలం అట్ట. ఒక తండ్రి కొడుకును పట్టుకుని, “చదివావా లేదా? రేపు అడిగితే ఏం చెబుతావు?” అని సతాయిస్తున్నాడు. కొడుకు తల గోక్కుంటున్నాడు. గొంతుగారికి ఆ పిల్లాడి మీద జాలి కలిగింది. బస్సులో ఇరుక్కుని నిలబడ్డాక, పొద్దున గదిలో కట్టేసిన ఫోను గుర్తొచ్చి తెరిచి చూస్తే మేనల్లుడి నుంచి ఒకటి వెనక ఒకటిగా ఫోన్లు.

వీధి మలుపులోనే కారు కనిపించింది. ఇంజన్ ఆన్‌లో ఉంది. వెనక సీట్లో అక్క, నడుము కింద ఒక దిండు, మోకాలి కింద ఒక దిండు. మేనల్లుడు పెట్టె సర్దుతున్నవాడల్లా ఆయన్ని చూసి ఎదురొచ్చాడు.

“మామయ్యా, ఎన్నిసార్లు చేశానో తెలుసా? కొండదారి మరమ్మతులట, ఇంకాసేపట్లో మూసేస్తున్నారని ముందే వచ్చేశా. ఇప్పుడు దాటకపోతే రేపే. రేపు నాకు డ్యూటీ. అమ్మేమో లోపలే కూర్చుంటాను, నువ్వొచ్చేదాకా కదలనని ఒకటే పట్టు. చివరికి నేనే ఎత్తుకొచ్చి కూర్చోబెట్టా.”

“చెమటలు తుడుచుకోరా ముందు,” అంది అక్క కిటికీలోంచి. “ఎవరు తరుముతున్నారు నిన్ను?”

ఆయన సంచిలోంచి కాగితాలు లాగి, కిటికీ పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టారు. ఒక వాక్యం అయింది. వెనకనుంచి గ్యాసు బండలు మోసుకొస్తున్న వ్యాను హారను కొట్టింది. సందు ఇరుకు, కారు కదిలితే గానీ అది పోదు. ఆయన గొంతు పెంచారు. వ్యానువాడు హారను పెంచాడు.

“చాల్లే, చదవడం కుదరదు,” అంది అక్క. “చెప్పరా. ఒక్క ముక్క చెప్పు. అమ్మాడా, లేదా?”

ఆయన నోరు తెరిచారు. పొద్దుట్నుంచి రెండుసార్లు ఆ అధ్యాయం ఆయన నోట్లోంచే పోయింది. పడవ ఉంది, కొనేవాడు ఉన్నాడు, తారు అనే మాటేదో ఉంది. ఏమైందో లేదు. వెతుక్కున్నారు, దొరకలేదు.

“రెండుసార్లు చదివానక్కా,” అన్నారు. ఆయనకు ఏడుపు వచ్చేసింది.

అక్క ఆయన మొహం చూసి ఫక్కున నవ్వింది. మేనల్లుడికి ఏమీ అర్థం కాలేదు. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన గడ్డం పట్టుకుంది, చిన్నప్పుడు తల దువ్వేటప్పుడు పట్టుకున్నట్టు. “నువ్వెప్పుడు విన్నావు గనక. సరేలే. వాడింటికి చేరగానే ఫోన్ చేయిస్తా. అప్పుడు చెప్పు.”

“ఫోన్లో చదువుతా.”

“చదవొద్దు. చదివింది చాలు. చెప్పు.”

“నాకు చెప్పడం రాదక్కా.”

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వస్తుందిరా? తల నెరిసిపోయింది.”

వ్యాను మళ్ళీ హారను కొట్టింది. మేనల్లుడు ఆయన భుజం తట్టి కారెక్కాడు. కారు వెళ్ళిపోయింది. దాని వెనకే గ్యాసు వ్యాను కూడా వెళ్ళిపోయింది. వీధిలో ఎప్పుడూ ఉండే మనుషులే ఉన్నారు.

ఆయనకు లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. గుమ్మంలోనే కూలబడి కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. ముందు అలవాటు కొద్దీ ఆపకుండా చదివేశారు. అయింది. ఏమీ మిగల్లేదు, ఎప్పట్లాగే. తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. ఇంత బతుకూ బతికి ఒక్క అధ్యాయం తలలో పెట్టుకోలేని మనిషి! కాగితాలు విసిరికొట్టబోయి, విసరలేక మళ్ళీ మొదటిది తీశారు. ఒక్క వాక్యం చదివి ఆగారు.

“ఏముందిరా అందులో?” అన్నారు పైకే, అక్క అడిగినట్టు.

“వేసవి వచ్చింది.”

“వచ్చి?”

“పడవవాడు తారు డబ్బా తెచ్చుకున్నాడు.”

“దేనికి?”

ఎందుకో ఆయనకు తెలియలేదు. ఇంకో వాక్యం చదివారు. మళ్ళీ అడుక్కున్నారు. ఒక్కోసారి జవాబు వచ్చేది, ఒక్కోసారి అదే వాక్యాన్ని మూడుసార్లు దులపాల్సి వచ్చేది. తల ప్రాణం తోకకొచ్చింది. కూరల సంచితో వెళుతున్న ఎదురింటావిడ ఆయన తనలో తనే వాదించుకోవడం చూసి, పలకరించబోయి ఊరుకుంది. పాపం అక్క వెళ్ళిన బెంగ అనుకుని ఉంటుంది. వీధి దీపాలు వెలిగేసరికి ఆయన చివరి కాగితం మీద ఉన్నారు.

ఫోను మోగింది. “వచ్చేశాం మామయ్యా. అమ్మను పడుకోబెట్టాం. స్పీకర్లో పెట్టా, మాట్లాడు,” అన్నాడు మేనల్లుడు.

“చెప్పరా,” అంది అక్క. గొంతులో ప్రయాణం బడలిక తెలుస్తోంది.

గొంతుగారు కాగితాలు పక్కన పెట్టేశారు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచలేదు. “అంటే ఏమైందంటే,” అన్నారు.

“కొనేవాడు వచ్చాడు కదక్కా. వాడికి పడవ అక్కర్లేదు, కర్ర కావాలి, పొయ్యిలోకి. ఈ పడవాయన మాట్లాడకుండా లోపలికి పోయాడు. వాడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. అమ్మలేదక్కా. నువ్వనుకున్నట్టు కాలేదు. నది తిరిగి రాలేదు, అది రాదు కూడా. ఈయన కూలిపనికి పోతున్నాడు, ఎలాగో తింటున్నాడు. కానీ వేసవి వచ్చేసరికి తారు డబ్బా తెచ్చుకుని, నీళ్ళు చొరకుండా పడవకు పూస్తాడు. మట్టిలో ఉన్న పడవకు! జనం నవ్వుతారు. మనవరాలు అడుగుతుంది, నీళ్ళే లేవు కదా తాతా అని. ఆయనేమీ చెప్పడు. ఇంకో కుంచె ఆ పిల్ల చేతికిస్తాడు. అంతే, అక్కడే ఆగిపోతుంది.”

అవతల అక్క మాట వినబడలేదు. ఆయనకు అలవాటే, అక్క అన్నీ విన్నాక గానీ మాట్లాడదు. ఆయనకు ఇంకా ఏదో చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళలో ఏ పుస్తకం గురించీ అలా అనిపించలేదు.

“నాకేమనిపిస్తోందంటే అక్కా, పడవవాడికి నది మీద ఆశేమీ లేదు. వాడికి అది తప్ప ఇంకో పని రాదు. మానేస్తే వేసవిలో పొద్దున్నే లేచి ఏం చేస్తాడు చెప్పు?”

మేనల్లుడు గొంతు తగ్గించి మాట్లాడాడు. “మామయ్యా, అమ్మ పడుకుంది. గురక వినబడట్లేదా?”

“ఎప్పుడు?”

“కర్ర కోసం వచ్చాడన్నావే, ఆ దగ్గరే. నువ్వు భలే చెబుతున్నావని నేను ఆపలేదు. రేపు లేచాక మళ్ళీ చెబుదువుగానిలే.”

“సరే, పడుకోనీ,” అన్నారు గొంతుగారు. “నేను విన్నాను.”

“ఏంటి మామయ్యా?”

“ఏం లేదు. తెల్లారుజామున చలేస్తుంది దానికి. దుప్పటి కప్పు.”

ఫోను పెట్టేసి, గోడ పట్టుకుని లేచారు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లోపలికి వెళ్ళి అక్క గదిలో దీపం వేశారు. మంచం మీద పరుపు మడిచి ఉంది. ఆయన కుర్చీ మంచం వైపు తిప్పి వేసి ఉంది. వంటింటి నుంచి ఇక్కడి దాకా ఆమె గోడ ఆసరాతో, ఆ మోకాలితో, ఎన్ని చోట్ల ఆగి వచ్చిందో. కుర్చీ పక్కన స్టూలు మీద, చదివేవాడి చేతికి అందేలా, గ్లాసు నిండా మంచినీళ్ళు, దుమ్ము పడకుండా పైన చిన్న మూత.